'డ్రై' అంటే తెలుగులో ఏమిటి? పొడి, ఎండు, మెట్ట, వట్టి: ఎక్కడ ఏది?

బోర్డుపలక (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. మొన్న ఎనిమిదో తరగతిలో విశేషణాలు చెబుతూ బోర్డు మీద 'డ్రై' అని రాసి, పక్కన 'పొడి' అని అర్థం రాశాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ళది మన విశాఖలోని మత్స్యకారుల పేట, జాలారిపేట.

"మాష్టారూ, మా అమ్మ అమ్మేది డ్రై ఫిష్. దాన్ని మేము ఎండు చేప అంటాం, పొడి చేప అనం. మా నాన్నకు డ్రై కాఫ్ అని డాక్టరు గారు చీటీలో రాశారు. దాన్ని పొడి దగ్గు అంటాం, ఎండు దగ్గు అనం. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయినప్పుడు మనకెందుకు వేరు?" అని అడిగింది.

రేపు చెబుతానన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ మాటకు అర్థం చెబుతున్నాను, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంటికి వచ్చి డ్రై చేరిన మాటలన్నీ రాయడం మొదలుపెడితే కాగితం నిండిపోయింది. డ్రై డాక్, డ్రై డే, డ్రై క్లీనింగ్, డ్రై సెల్, డ్రై ఐస్, డ్రై రన్. వీటిలో సగానికి నా దగ్గర తెలుగు మాట లేదు. ఉన్నవాటిలో అది ఎందుకు వచ్చిందో చెప్పలేను.

మీ మీ పనుల్లో ఈ మాట ఎక్కడ తగులుతుందో, అక్కడ మీరు తెలుగులో ఏమంటారో రాయండి. నిఘంటువులో ఉన్నది నేనూ చూసుకోగలను. నాకు కావలసింది మీ నోటికి వచ్చేది.

గాలివాన (లాసన్స్ బే కాలనీ)

ఇంత ఆలోచించనవసరం లేదు మాష్టారూ. పొడి అంటే సరిపోతుంది. పొడి బట్ట, పొడి చర్మం, పొడి వాతావరణం. చెత్తబండి వచ్చిన ప్రతి ఉదయం తడి చెత్త, పొడి చెత్త అని వింటూనే ఉన్నాం. ఎండు చేప ఒక్కటి మినహాయింపు అని చెప్పేయండి.

నెత్తళ్ళబుట్ట (ఫిషింగ్ హార్బర్ దగ్గర)

అది మినహాయింపు కాదండీ. ఎండు మిరపకాయలు, ఎండు ద్రాక్ష, ఎండు కొబ్బరి, ఎండు రొయ్యలు, ఎండుగడ్డి, ఎండుకట్టెలు. వీటిలో ఒక్కదానికి 'పొడి' పెట్టి చూడండి. పొడి మిరపకాయ అంటే కారప్పొడి అనుకుంటారు.

మా ఇంట్లో మూడు తరాలుగా ఎండు చేపల వ్యాపారం. నెత్తళ్ళు, అంటే చిన్న చేపలు, ఎలా ఎండబెడతారో చెబుతాను, మాష్టారి ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుందని నా నమ్మకం. చేప దిగగానే కడిగి, పాత వల పరిచి దాని మీద పలచగా పోస్తాం. ఇసుకలో నేరుగా పోస్తే ఇసుక అంటుకుని ధర పడిపోతుంది. ఎండ గట్టిగా ఉంటే మధ్యాహ్నానికి పైన ఉన్న నీళ్ళు పోతాయి. ముట్టుకుంటే చేతికి తడి అంటదు. కొత్తవాళ్ళు చూస్తే అయిపోయిందనే అనుకుంటారు. అప్పుడు మా అమ్మ మధ్యలో నుంచి ఒక చేప తీసి, తలా తోకా పట్టుకుని వంచుతుంది. వంగితే పక్కన పడేసి "ఆరింది గానీ ఎండలేదు" అంటుంది. టక్కున విరిగితేనే బుట్టలోకి ఎత్తమంటుంది. వంగే చేపను మూట కడితే లోపలి పచ్చిదనానికి రెండు రోజుల్లో సరుకంతా పాడవుతుంది.

వంజరం లాంటి పెద్ద చేపకు ఎండ ఒక్కటే చాలదు. చీల్చి ఉప్పు పట్టిస్తాం, ఉప్పు లోపలి నీటిని లాగుతుంది. దాన్ని ఉప్పు చేప అంటాం, అదీ ఇంగ్లీషులో డ్రై ఫిష్ కిందికే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ చాలా ఇళ్ళలో కూర ఇదే.

ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ గారూ ఈ పరీక్ష చేసే ఉంటారు. అడగమనండి.

పదాలపెట్టె (సీతమ్మధార)

"ఆరింది గానీ ఎండలేదు." నేను తెలుగు అధ్యాపకురాలిని. ఈ ఒక్క వాక్యం చదివి లేచి కూర్చున్నాను. మాష్టారు గారు అడిగిన తేడా అంతా ఆ అమ్మ నోట్లో ఉంది.

ఎదురుమాట ఏమిటో చూస్తే తేడా తెలుస్తుంది. పొడికి ఎదురు తడి. ఎండుకు ఎదురు పచ్చి. తడి అనేది బయటి నుంచి వచ్చి పైన చేరిన నీరు. పచ్చి అనేది ఆ వస్తువుతోనే పుట్టిన రసం. అందుకే తడిసింది ఆరుతుంది, పచ్చిది ఎండుతుంది. బట్టలు ఆరేస్తాం, మిరపకాయలు ఎండబెడతాం. బట్ట ఆరితే మళ్ళీ మునుపటి బట్టే. మిరపకాయ ఎండితే మళ్ళీ పచ్చిమిరపకాయ కాదు, రంగు మారింది, రుచి మారింది, కొట్టులో దాని డబ్బా కూడా మారింది. అల్లం విషయంలో తెలుగువాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఎండిన అల్లానికి అసలు పేరే మార్చి శొంఠి అన్నారు. ఇంగ్లీషులో అది ఇప్పటికీ డ్రై జింజరే.

ఇక దగ్గు. పొడి దగ్గు ఒకప్పుడు పచ్చిగా ఉండి తరవాత ఎండింది కాదు. అందులో కఫం లేదు, అంతే. ఇప్పుడు తడి ఉందా లేదా అన్నదే ప్రశ్న అయితే పొడి. రసం పోయి రూపం మారిందా అన్నది ప్రశ్న అయితే ఎండు.

ఇంగ్లీషులో కూడా ఈ తేడా కొంత ఉంది. డ్రై వేరు, డ్రైడ్ వేరు. అక్కడివాళ్ళు ఎండుద్రాక్షను డ్రైడ్ ఫ్రూట్ అంటారు. మనం బాదం, జీడిపప్పు కూడా కలిపి డ్రై ఫ్రూట్స్ అంటాం, అది మన దేశపు ఇంగ్లీషు.

గాలివాన (లాసన్స్ బే కాలనీ)

బాగుంది. కానీ చెరువు ఎండింది అంటాం. చెరువు పచ్చిది కాదు కదా. నీళ్ళు బయటి నుంచి వచ్చినవే. మీ లెక్క ప్రకారం చెరువు ఆరింది అనాలి.

పదాలపెట్టె (సీతమ్మధార)

మంచి ప్రశ్న. రాత్రంతా దీని గురించే ఆలోచించాను. నీరు లేకపోతే అది చెరువు కాదు, గొయ్యి. నీరు చెరువుకు సొంతం, బట్టకు చుట్టం. చుట్టం వెళితే ఆరడం, సొంతం పోతే ఎండడం. బావి, ఏరు, చెట్టు, చేను, పంట, గొంతు, ఇవన్నీ ఎండేవే.

కొన్ని ఇళ్ళలో బట్టలు ఎండాయి అని కూడా అంటారు, అది తప్పనను. ఎండలో వేశారు గనుక ఆ మాట వచ్చింది. కానీ మబ్బు పట్టిన రోజున వరండాలో ఫ్యాను కింద వేసిన చొక్కా ఎండిందని ఎవరూ అనరు. అది ఆరుతుంది.

కీలుగట్టు (సింధియా)

షిప్‌యార్డులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా సింధియా పేరే యార్డు పెట్టిన కంపెనీది. 1941లో శంకుస్థాపన, 1948 మార్చి 14న 'జల ఉష' ఓడను నెహ్రూ గారు నీళ్ళలోకి వదిలారు. మా నాన్న ఆ రోజు జనంలో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటాం. కొత్త ఓడ ఏటవాలు గట్టు మీద తయారై నీళ్ళలోకి జారుతుంది. తిరిగిన ఓడకు అడుగు భాగం బాగుచేయాలంటే మాత్రం డ్రై డాక్ కావాలి.

డ్రై డాక్ అంటే పెద్ద కాంక్రీటు గొయ్యి. ముందు దానిలోకి సముద్రపు నీరు వదులుతారు. ఓడ తేలుతూ లోపలికి వస్తుంది. వెనక తలుపు మూసి, పంపులతో నీరు తోడతారు. నీరు తగ్గేకొద్దీ ఓడ కిందికి దిగి, ముందే వరుసగా పేర్చిన దిమ్మెల మీద కూర్చోవాలి. కొలత కొంచెం తప్పితే ఓడ బరువంతా ఒకచోట పడుతుంది. అందుకే ఆ చివరి గంటలో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఇప్పుడు అసలు మాట. నీరు తోడిన మొదటి రోజు డాకు అడుగున దిగితే బూట్లు మునిగే నీళ్ళు ఉంటాయి. ఓడ పొట్టకు వేలాడే నాచు నుంచి చుక్కలు రాలుతూ ఉంటాయి. దానికి అంటుకున్న గుల్లలు పగిలి నీచు వాసన. గుంటల్లో చిన్న చేపలు కొట్టుకుంటాయి. అంత తడి చోటును నేను యార్డులో ఇంకెక్కడా చూడలేదు. అయినా దాని పేరు డ్రై. ఎందుకంటే ఓడను తేల్చే సముద్రం అక్కడ లేదు. మేం తెలుగులోనూ డ్రై డాక్ అనే అంటాం. ఒక అనువాదంలో 'ఎండిన రేవు' అని చదివి మనసు కష్టపడింది. ఎండిన రేవంటే పాడుపడ్డ రేవు. మా డాకు ఏడాది పొడుగునా పనితో ఉండేది.

గాలివాన (లాసన్స్ బే కాలనీ)

కీలుగట్టు గారు చెప్పింది చదివాక నా 'పొడి వాతావరణం' గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుపాను తరవాత, అంటే 2014 అక్టోబరు నుంచి, నేను వాతావరణ బులెటిన్ చదవని రోజు లేదు. మే నెలలో ఆ బులెటిన్‌లో పొడి వాతావరణం ఉంటుందని వస్తుంది. బీచ్ రోడ్డు మీద పది అడుగులు వేస్తే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఇంత ఉక్కలో పొడి ఏమిటని మా ఇంట్లో ప్రతి ఏడాదీ అడుగుతారు. ఆ భాషలో డ్రై అంటే వాన పడలేదని అర్థం. గాలిలో తేమ ఎంత ఉందన్నది వేరే లెక్క. ఆ తేమను కొలవడానికి రెండు థర్మామీటర్లు పెడతారు, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుడతారు, రెండోది మామూలుగా ఉంటుంది. ఆ మామూలుదాని పేరు డ్రై బల్బు. గుడ్డ చుట్టని ప్రతి థర్మామీటరూ డ్రై బల్బే కదా. పక్కన తడిది ఉంది గనుక దీనికి ఆ పేరు వచ్చింది.

పొడి ఒక్కటి చాలన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మందులచీటీ (గాజువాక)

మందుల దుకాణంలో రోజూ వచ్చే మాట డ్రై సిరప్. తల్లులు సీసా చూసి, సిరప్ అన్నారు, లోపల పొడి ఉందేమిటి అని అడుగుతారు. పిల్లల యాంటీబయాటిక్‌లు కొన్ని నీటిలో కలిపితే ఎక్కువ రోజులు నిలవవు. అందుకని పొడిగా అమ్ముతారు. ఇంటికి వెళ్ళాక కాచి చల్లార్చిన నీరు సీసా మీద గీత వరకు పోసి, బాగా ఊపి, చీటీలో రాసినన్ని రోజుల్లోనే వాడాలి. ఇది నేను తెలుగులో 'నీళ్ళు కలుపుకునే మందు' అని చెబుతాను. డ్రైకి మాట వెతికితే ఆ తల్లికి ఉపయోగం లేదు. ఏం చేయాలో చెప్పాలి.

ఇక్కడ పొడి అన్న మాటతో ఒక చిక్కు ఉంది. మనకు పొడి అంటే తడి లేనిదీ, పిండిలా మెత్తనిదీ కూడా. పాలపొడి, పసుపు పొడి. "పొడి మందు" అంటే ఏది అనుకుంటారో తెలియదు.

కంటి డాక్టర్లు రాసే డ్రై ఐకి మాత్రం చక్కటి తెలుగు ఉంది, కళ్ళు పొడిబారడం.

ఇగురుగిన్నె (పెందుర్తి)

వంటింటి మాట ఒకటి మరిచిపోయారు. హోటల్లో డ్రై కావాలా, గ్రేవీ కావాలా అని అడుగుతారు. ఇంట్లో మాకు అలాంటి రెండే గదులు లేవు. పులుసు ఉంది, ఇగురు ఉంది, వేపుడు ఉంది. ఇగురు అన్నది నీరు ఆవిరై తగ్గడం. రొయ్యల ఇగురు దించే ముందు గిన్నె అంచున నూనె తేలి, గరిటె లాగితే అడుగున దారి కనిపించి నెమ్మదిగా మూసుకోవాలి. అది డ్రై కాదు, గ్రేవీ కాదు. నీరు పోయే తీరుకు మనకు ఎన్ని మాటలో చూడండి: నేలలోకి పోతే ఇంకింది, పొయ్యి మీద పోతే ఇగిరింది, బట్ట మీద నుంచి పోతే ఆరింది, కాయలోంచి పోతే ఎండింది.

పులిహోరకు అన్నం పొడిపొడిగా ఉండాలి అంటాం, అది ఇంకో పొడి.

మెట్టచేను (చోడవరం)

పొలం సంగతి ఎవరూ ఎత్తలేదు. డ్రై ల్యాండ్‌ను మేము ఎండు భూమి అనం. ఎండు భూమి అంటే నీరు అందక చచ్చిన భూమి. మెట్ట అంటాం. మెట్ట అంటే ఎత్తు, కాలువ నీరు ఎక్కనిది. వాన మీద పంట. చోడి (రాగులు), నువ్వులు, కంది మెట్టలోనే వస్తాయి. మెట్టకు ఎదురు పల్లం. తడి, పొడి మాటే లేదు చూడండి, ఎత్తుపల్లాల మాట. భూమికి నీరెందుకు లేదో పేరులోనే ఉంది.

పాడి విషయం కూడా. పాలివ్వడం మానిన గేదెను పశువుల డాక్టరు గారు డ్రై అని రాస్తారు. మేము వట్టిపోయింది అంటాం. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం మనమే ఆపేస్తాం, పొదుగుకు విశ్రాంతి ఉండాలి. దానికీ అదే మాట. కంపెనీ పాంఫ్లెట్‌లో 'పొడి గేదె' అని అచ్చు వేసి ఊరంతా పంచారు. చదివిన రైతుకు ఏమీ అర్థం కాలేదు. పాడి మీద బతికేవాడికి ఇచ్చే కాగితం పాడివాడిని అడిగి రాయాలి కదా.

వరంగల్ నుంచి (స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్)

మా వైపు భూమి కాగితాల్లో తరి, ఖుష్కి అని ఉంటాయి. తరి నీరున్నది, ఖుష్కి మెట్ట. ఖుష్కి పారసీ నుంచి వచ్చింది.

పదాలపెట్టె (సీతమ్మధార)

ఖుష్కి చెప్పినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. సంస్కృతంలో శుష్క, పారసీలో ఖుష్క్, ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. వేల ఏళ్ళ కింద విడిపోయి, ఒకటి పండితుల నోట, ఒకటి పట్వారీ పుస్తకంలో, రెండూ తెలుగులోకి చేరాయి. శుష్క ప్రియాలు, శూన్య హస్తాలు అంటాం కదా, ఆ శుష్క ఇదే. తడి లేని ప్రేమ.

వట్టిపోవడంలోని వట్టు కూడా ఎండడమే. వట్టి చేతులు, వట్టి మాటలు అన్నవి దాని చుట్టాలు. ఇవ్వవలసింది ఇవ్వనిది ఏదైనా వట్టి.

ఇంగ్లీషు డ్రై కూడా అక్కడి పాత మాటే. అనావృష్టిని చెప్పే డ్రౌట్ దాని అక్కచెల్లెలు. జర్మన్‌లో ట్రోకెన్ అంటారు, అదీ ఆ ఇంటిదే.

రెండుభాషలు (అక్కయ్యపాలెం)

అనువాదం నా వృత్తి. నన్ను ఎక్కువ కష్టపెట్టినవి నీటితో సంబంధం లేని డ్రైలు.

డ్రై డే. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం అమ్మకూడదు. మన పత్రికలు డ్రై డే అనే రాస్తాయి, పాఠకులకూ తెలుసు, నేనూ అలాగే ఉంచుతాను. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం ఉన్నప్పుడు నిషేధం కావాలన్నవాళ్ళను డ్రై అని, వద్దన్నవాళ్ళను వెట్ అని పిలిచారు. మనకు 1995లో రాష్ట్రమంతా నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ నిషేధం కోసం పోరాడిన పల్లె ఆడవాళ్ళు పొడి, తడి అనలేదు, సారా వద్దన్నారు.

డ్రై రన్. 2020 డిసెంబరు చివర కృష్ణా జిల్లాలో కోవిడ్ టీకాకు చేశారు. టీకా లేదు, మిగతా పనంతా నిజం. 'సన్నాహక పరీక్ష' అని రాశాను. ఇప్పటికీ తృప్తి లేదు.

హై అండ్ డ్రై. ఆటు వచ్చి నీరు వెనక్కి పోతే ఓడ గట్టు మీద ఉండిపోవడం, అంటే దిక్కులేకుండా వదిలేయడం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తుపాను గాలికి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి కొట్టుకొచ్చింది గుర్తుందా. ఊరంతా వెళ్ళి చూసింది. నేనూ రెయిలింగ్ పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. అంత పెద్ద ఓడ, అలలు పక్కనే తగులుతున్నా కదలలేదు. ఆ మాట అర్థం ఆ రోజు నాకు కళ్ళకు కట్టింది. అయినా తెలుగులో రాసేటప్పుడు 'నట్టేట ముంచాడు' అనే రాస్తాను. ఓడల జాతి మనిషిని ఒడ్డున వదిలేస్తే, ఏరు దాటే జాతి నడి ఏట్లో వదిలేసింది. బాధ ఒక్కటే.

డ్రై హ్యూమర్. మొహంలో మార్పు లేకుండా, మామూలు మాట చెప్పినట్టు చెప్పే హాస్యం. దీన్ని పొడి హాస్యం అంటే ప్రాణం పోతుంది. డ్రై సబ్జెక్ట్ అయితే నీరసం, విసుగు. నీరసం అంటేనే రసం లేనిది. ఒకరు ముక్తసరిగా డ్రైగా బదులిస్తే 'పొడిపొడిగా మాట్లాడాడు' అంటాను, అది అచ్చంగా సరిపోయిన చోటు.

వంటశాల (బీచ్ రోడ్డు)

హోటల్లో పనిచేస్తాను. డ్రై వైన్ అంటే తీపి లేనిది. ద్రాక్షలోని చక్కెర పులిసి మద్యంగా మారిపోయింది. షాంపేన్ సీసా మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే, 'బ్రూట్' అని రాసిన సీసా కన్నా కొంచెం తియ్యగానే ఉంటుంది. డ్రై టోస్ట్ అంటే వెన్న రాయనిది.

కీలుగట్టు (సింధియా)

అయితే అన్నిచోట్లా ఉండాల్సింది లేకపోవడమే కదా. డాకులో సముద్రం లేదు, టోస్టులో వెన్న లేదు, గేదెకు పాలు లేవు, టార్చిలో వేసే డ్రై సెల్‌లో ఒలికే ద్రవం లేదు. మా రోజుల్లో ఆ సెల్‌ను అనార్ద్ర ఘటం అని చదివాం. విప్పి చూస్తే లోపల తడి ముద్ద ఉంటుంది, ఒలకదు, అంతే. డ్రై క్లీనింగ్‌లోనూ బట్ట తడుస్తుంది, నీటితో కాకుండా వేరే ద్రావకంతో.

మందులచీటీ (గాజువాక)

డ్రై ఐస్ కూడా చేర్చండి. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. సున్నాకు 78 డిగ్రీల కింద అది కరగకుండా నేరుగా ఆవిరవుతుంది. నీళ్ళు కారని మంచు. దీన్ని పొడి మంచు అంటే నాకు అభ్యంతరం లేదు. వట్టి చేత్తో మాత్రం పట్టుకోనివ్వకండి.

బోర్డుపలక (ఎంవీపీ కాలనీ)

ఈ రోజు తరగతిలో బోర్డు మీద డ్రై అని రాసి, పక్కన అర్థం రాయలేదు. 'ఏది లేదు?' అని రాశాను. డ్రై డాక్‌లో ఏది లేదు, డ్రై డేలో ఏది లేదు అని అడిగితే చివరి బెంచీలు కూడా చేతులెత్తాయి. తెలుగుకు వచ్చేసరికి 'ఎలా పోయింది? ఎవరిది పోయింది?' అని రాశాను. నెత్తళ్ళబుట్ట గారి అమ్మగారి పరీక్ష చెప్పగానే జాలారిపేట అమ్మాయి నవ్వి, "మా అమ్మ చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది, చప్పుడు వినాలంటుంది" అంది.

తరవాత పిల్లలనే వాక్యాలు చెప్పమన్నాను. ఒకడు "గొంతు ఎండిపోయింది" అన్నాడు. ఇంకొకడు "గొంతు తడారిపోయింది" అన్నాడు. రెండూ ఒకటేనని వాళ్ళు నిర్ణయించేశారు. ఆ అమ్మాయి మళ్ళీ లేచింది. "ఒకటి కాదు మాష్టారూ. దాహమేస్తే ఎండిపోతుంది. తుపానులో నాన్న పడవ ఇంకా రానప్పుడు తడారిపోతుంది."

పదాలపెట్టె గారూ, సొంతం, చుట్టం అన్న మీ లెక్కలో ఇది ఎక్కడ పడుతుందో చెప్పండి. రేపు మొదటి పీరియడ్ నాదే.

పదాలపెట్టె (సీతమ్మధార)

దాహంలో ఒంట్లో నీరే తగ్గింది, అందుకని ఎండింది. భయంలో ఒంట్లో నీరు అలాగే ఉంది, గొంతులోని తడి మాత్రం ఆ క్షణానికి పోయింది, పడవ కనిపిస్తే తిరిగి వస్తుంది. ఆ అమ్మాయి చెప్పిందే సరైనది. ఆమె చేతే బోర్డు మీద రాయించండి.